నాలుగు గంటలు కదలని పిల్లవాడికి ఏడీహెచ్‌డీ ఏమిటి?

"బొమ్మలేస్తే నాలుగు గంటలు కదలడు. లెక్కల పుస్తకం తీస్తే పది నిమిషాలు కూకోడు. ఇది జబ్బేటండీ, పొగరు గానీ!" బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి ఉత్తరాంధ్ర కుటుంబాలు స్థిరపడిన ఖరగ్‌పూర్‌లోనైనా, శ్రీకాకుళంలోనైనా ఈ వాదన ఒకటే. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ తప్పు.

ఏడీహెచ్‌డీ ఉన్నవారికి ఏకాగ్రత లేక కాదు, దాన్ని కావలసిన చోటికి మళ్లించడం కష్టం. వెంటనే ఫలితం కనిపించే పని, కొత్తదనం ఉన్న పని వారిని లాగేసుకుంటుంది. ఆకలి తెలియదు, పిలిస్తే వినపడదు. దీన్నే హైపర్‌ఫోకస్ అంటున్నారు. 2013 నాటి డీఎస్‌ఎం-5 చెప్పిన 18 లక్షణాల్లో ఇది లేదు. 2019లో అమెరికాలో పెద్దలపై జరిగిన అధ్యయనంలో, ఏడీహెచ్‌డీ లక్షణాలు ఎక్కువున్నవారే ఈ అనుభవం ఎక్కువని చెప్పారు. అయితే తర్వాతి పరిశోధనలన్నీ అంత తేడా చూపలేదు. కాబట్టి గంటల తరబడి లీనమవడం ఏడీహెచ్‌డీ ఉందనడానికీ, లేదనడానికీ రుజువు కాదు. దాన్ని 'వరం' అని పొగిడేవాళ్లతోనూ నాకు పేచీ ఉంది. రాత్రి రెండింటి దాకా కోడింగ్‌లో మునిగి మర్నాడు పరీక్ష పోగొట్టుకున్నవాడికి అది వరమెలా అవుతుంది?

రైల్వే వాళ్లకు ఒక సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఇంజన్‌లో డ్రైవరు దాదాపు నిమిషం పాటు ఏ మీటా కదపకపోతే హెచ్చరిక దీపం వెలుగుతుంది, బజర్ మోగుతుంది, అప్పటికీ స్పందించకపోతే బ్రేకులు పడతాయి. సిగ్నల్ కనిపించగానే డ్రైవరు, అసిస్టెంటు ఒకరికొకరు పైకి చెప్పుకుంటారు. మనిషి శ్రద్ధను కేవలం సంకల్పానికి వదిలేయలేదు. అది అవమానమని ఎవరూ అనుకోరు. ఇంట్లో మాత్రం "బుద్ధి ఉంటే గుర్తుండదా" అంటాం!

ఆ బజర్ ఇంట్లోనూ పెట్టవచ్చు. ఎప్పుడు ఆపాలో మొదలుపెట్టకముందే ఒప్పుకోవాలి, మధ్యలో కాదు. అలారం చేతికందని చోట ఉండాలి, లేచి వెళ్తేనే ఆగాలి. వంటింట్లోంచి కేకలేస్తే లాభం లేదు. దగ్గరకెళ్లి భుజం మీద చెయ్యి వేయాలి. ఫోను లాక్కుంటే గొడవే మిగులుతుంది. అయిదు నిమిషాలిచ్చి, తర్వాత ఏం చేయాలో చీటీ మీద రాసుకోమంటే పని వదలడం తేలిక. అన్నిటికంటే కాపాడుకోవలసింది నిద్ర.

ఖరగ్‌పూర్‌లో ఇంకో చిక్కు ఉంది. ఏడీహెచ్‌డీకి రక్తపరీక్ష లేదు, స్కాన్ లేదు. 12 ఏళ్లలోపే లక్షణాలు మొదలయ్యాయా, ఇంట్లోనూ బడిలోనూ కనిపిస్తున్నాయా అన్నది తల్లిదండ్రుల మాట, టీచరు మాట విని నిపుణులు తేలుస్తారు. తల్లి తెలుగులో చెబుతుంది, టీచరు హిందీలోనో ఇంగ్లిషులోనో, డాక్టరు అడిగేది బెంగాలీలో. ఇందులో సగం జారిపోతుంది. పైగా 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఏడీహెచ్‌డీకి విడిగా చోటు లేదు. బడిని సాయం అడగాలన్నా పట్టు తక్కువే.

డాక్టరు దగ్గరికి వెళ్లేముందు రెండు వారాల పాటు పిల్లవాడు ఎప్పుడు, ఏ పనిలో మునిగాడో, ఎలా బయటికొచ్చాడో తల్లి తెలుగులోనే రాసిపెట్టుకోవాలి. బెంగాలీ బాగా వచ్చిన పక్కింటివారో, పెద్ద కూతురో దాన్ని చదివి వినిపించవచ్చు. ముందుగా ఎవరితోనైనా మాట్లాడాలనుకుంటే 2022లో కేంద్రం ప్రారంభించిన టెలీ మానస్ ఉంది. 14416కు ఫోను చేయడం ఉచితం, భాష ఎంచుకోవచ్చు.