ఫ్రీ సర్వీసు అంటే చేతులూపుకుంటూ పోవడం కాదు

మా తమ్ముడు కొత్త కారుకి మొదటి ఫ్రీ సర్వీసు చేయించి, 2,800 బిల్లు కట్టొచ్చాడు. ఏం చేశార్రా అంటే తెలీదన్నాడు. బిల్లు చూస్తే అండర్ కోటింగ్, ఇంజన్ డ్రెస్సింగ్! నెల కూడా నిండని బండికి అవెందుకండీ?

అడక్కుండా రాసిన తప్పు వాళ్లదే. కానీ విత్తనాల సంచి మీద లాట్ నంబరు, గడువు చూసి కొనే రైతు, లక్షలు పోసిన బండి పుస్తకం ఎందుకు తెరవడు?

ఫ్రీ అంటే కూలి వరకే. ఆయిలు, ఫిల్టరు మారిస్తే డబ్బులు కట్టాల్సిందే. మొదటి సర్వీసులో ఎక్కువగా తనిఖీయే ఉంటుంది. మీ బండికి ఏమేం చేయాలో మాన్యువల్లో రాసుంటుంది, ఆ పేజీ ఫోటో తీసుకోండి. ఎక్కడ చప్పుడొస్తోందో, బ్రేకు వేస్తే ఎటు లాగుతోందో ముందే కాగితం మీద రాసుకోండి. అవన్నీ జాబ్ కార్డులో ఎక్కాక, ఎస్టిమేట్ చూశాకే సంతకం పెట్టండి.

కోటింగ్ వద్దంటే వారంటీ పోతుందని బెదిరిస్తారు. ఆ ముక్క వారంటీ పుస్తకంలో ఎక్కడుందో చూపించమనండి. అలాగని సర్వీసు మాత్రం ఎగ్గొట్టకండి, రేపు వారంటీ అడిగితే అదే సాకు చూపిస్తారు.

మార్కెట్ యార్డులో కాటా దగ్గర కళ్లార్పకుండా నిలబడతాం కదా. ఇక్కడా అలాగే నిలబడాలి.