కోటి రూపాయల మాట వినపడింది, మా మాట ఎందుకు వినపడలేదు?

జూన్ 27, 2021

ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి శ్రీ ఆదిమూలపు సురేష్ గారికి,
బిట్రగుంట రైల్వే కాలనీ నుంచి ఇద్దరు పిల్లల తల్లి రాస్తున్న ఉత్తరం.

గురువారం సాయంత్రం మీరు టీవీలో పది, ఇంటర్ పరీక్షలు రద్దు చేస్తున్నామని చెప్పగానే మా క్వార్టర్స్ వరసలో పిల్లలు కేకలు పెట్టుకుంటూ బయటికొచ్చారు. మా పెద్దోడు మాత్రం కదల్లేదు. ‘ఇది రద్దేనా అమ్మా, మళ్లీ వాయిదానా?’ అన్నాడు. వాడిది ఇంటర్ రెండో సంవత్సరం. ఏప్రిల్ నెలాఖరులో హాల్ టికెట్లు ఇచ్చి, మే 5న పరీక్ష అన్నారు. మే 2న వాయిదా అన్నారు. ఆ తర్వాత జులైలో పెట్టి తీరతామన్నారు. పిల్లవాడు నమ్మలేదంటే తప్పు వాడిదా?

మీకు ధన్యవాదాలు చెప్పి ఉత్తరం మొదలుపెట్టడం మర్యాద. అది నాకూ తెలుసు. కానీ ఆ రద్దు మా మొర విని చేసింది కాదు కదా సార్. మొన్న జూన్ 22న, పరీక్షల వల్ల కరోనా సోకి పిల్లల్లో ఒక్క ప్రాణం పోయినా రాష్ట్రానిదే బాధ్యత అని సుప్రీంకోర్టు అంది. 24న ఆ కోర్టు జడ్జీలు జస్టిస్ ఖాన్విల్కర్ గారు, జస్టిస్ దినేశ్ మహేశ్వరి గారు, అదే జరిగితే కోటి రూపాయల పరిహారం కూడా ఇప్పించవచ్చన్నారు. ఆ సాయంత్రానికే పరీక్షలు పోయాయి. రెండు నెలలుగా మేము అడుగుతున్నదీ అదే ప్రశ్న. మా పిల్లలకేమైనా అయితే ఎవరిది పూచీ? మేము అడిగితే రాజకీయం అయింది. జడ్జీలు అడిగితే ఆలోచించాల్సిన విషయం అయింది. మా ప్రశ్నలో కోటి రూపాయలు లేకపోవడమేనా లోపం?

కోర్టు అడిగినవి ఏమంత చిక్కైన చట్టం ప్రశ్నలు కూడా కావు. గదికి 15 నుంచి 18 మందిని కూర్చోబెడతామని మీరన్నారు, పిల్లలు 5 లక్షల పైచిలుకు, గదికి 15 మంది చొప్పునైతే 34 వేలకు పైగా గదులు కావాలి, ఎక్కడున్నాయి అని అడిగారు. ఈ లెక్క మా చిన్నది కూరగాయలు తరుగుతూ వేసింది. ఇన్ని వేల గదులకు ఇన్విజిలేటర్లు ఎక్కడి నుంచి వస్తారని కూడా మా చిన్నదే అడిగింది. కరోనా రెండో వేవ్‌లో టీచర్లు ఎంతమంది పోయారో మీ శాఖకు తెలియనిది కాదు.

అయినా గదిలో దూరం సంగతి తర్వాత. గది దాకా పిల్లలు ఎట్లా వస్తారో మీ మీటింగుల్లో ఎవరైనా మాట్లాడారా? బిట్రగుంటలో ఇంటర్ చదివే పిల్లలు చాలామంది కావలికి పోతారు. ఒకప్పుడు పాసింజర్ రైళ్లు ఎక్కి పోయేవాళ్లు. అవి ఆగిపోయి ఏడాది దాటింది. రైల్వే కాలనీలో ఉండే పిల్లలకు రైలు లేదు, చూడండి విడ్డూరం. ఇప్పుడున్నది షేర్ ఆటో. వెనక సీటులో నలుగురు, ఎదురుగా పలక మీద ముగ్గురు, డ్రైవరుకు అటొకరు ఇటొకరు. పరీక్ష రోజైతే ఇంకా ఎక్కిస్తాడు. మోకాళ్లు మోకాళ్లు తగులుతుంటాయి, మాస్కు గడ్డం కిందికి జారి ఉంటుంది. అట్లా కావలి దాకా వచ్చిన పిల్లవాడికి గేటు దగ్గర థర్మల్ గన్ పెట్టి, చేతిలో శానిటైజర్ పోసి, ఒక్కో బెంచీకి ఒక్కొక్కర్ని కూర్చోబెడితే రోగం ఆగుతుందా? సాయంత్రం ఆరు దాటితే కర్ఫ్యూ అని మమ్మల్ని ఇంట్లో కూర్చోబెడుతున్నది మీరే. పొద్దున ఎనిమిదికి ఆ ఆటో ఎక్కించమన్నదీ మీరే.

పిల్లలకు కరోనా వచ్చినా జలుబులాగా పోతుందంటారు. పోతుందనే అనుకుందాం. వాడు ఇంటికి రావాలి కదా. మాది రెండు గదుల క్వార్టరు. అందులోనే మా అత్తగారు, షుగరు, బీపీ. మా ఆయన గూడ్స్ గార్డు. లాక్‌డౌన్‌లోనూ గూడ్సులు ఆగలేదు, ఆయన డ్యూటీ ఆగలేదు. ఏ రన్నింగ్ రూములో పడుకున్నాడో, పక్క మంచంలో ఎవరున్నారో తెలియదు. వచ్చిన ప్రతిసారీ పెరట్లోనే స్నానం, ఆయన డ్యూటీ సామాన్ల లైన్ బాక్సు వరండాలోనే. ఒకరికొస్తే విడిగా పెట్టడానికి మాకు మూడో గది లేదు. పరీక్ష రాసేది పిల్లవాడొక్కడే, దాని వెనక పణంగా ఉండేది ఇల్లంతా. రాష్ట్రంలో కరోనాతో పోయినవాళ్లు 12 వేలు దాటారని మీ బులెటిన్లే చెప్తున్నాయి. ఆ ఇళ్లల్లో పరీక్షకు కూర్చోవలసిన పిల్లలు లేరా?

పిల్లల భవిష్యత్తు కోసమే పరీక్షలన్నారు. ఆ మాటను నేను కొట్టిపారెయ్యను. మార్కులు లేని సర్టిఫికెట్ పట్టుకుని మావాడు రేపు ఎక్కడ నిలబడాలన్న భయం మీకంటే నాకే ఎక్కువ. కాకపోతే వీళ్లు మొదటి సంవత్సరం పరీక్షలు 2020 మార్చిలోనే రాశారు. ఆ మార్కులు బోర్డు దగ్గరే ఉన్నాయి. తెలంగాణ జూన్ 9న రద్దు చేసింది, తమిళనాడు ప్లస్ టూ అంతకుముందే రద్దు చేసింది, సీబీఎస్ఈ వాళ్లు జూన్ 1నే తేల్చేశారు. ఆ పిల్లలకు భవిష్యత్తు లేదా? చేసేది ఎట్లాగూ రద్దే అయినప్పుడు ఆ మూడు వారాలు మా పిల్లల్ని పుస్తకాల ముందు ఎందుకు నలిపారు? రద్దు కావాలన్న వాళ్లందర్నీ ప్రతిపక్షం ఖాతాలో వేశారు. నా ఓటు ఎవరికేశానో మా ఆయనకే చెప్పలేదు, మీకెట్లా తెలిసింది సార్?

ఇది ఇవాళ్టి కోపం కాదు. నిరుడు నవంబర్ 2న బడులు తెరిచారు. మొదటి మూడు రోజుల్లోనే 262 మంది పిల్లలకు, 160 మంది దాకా టీచర్లకు పాజిటివ్ వచ్చింది. బడికొచ్చింది 4 లక్షల మంది, అందులో పాజిటివ్ వచ్చిన పిల్లలు 0.1 శాతం కూడా కాదు, కంగారు పడొద్దని అధికారులు చెప్పారు. లెక్క తప్పని నేననను. కానీ నాకున్నది ఇద్దరు పిల్లలు. వాళ్లలో ఒకరికి వస్తే నా ఇంట్లో ఎంత శాతం అవుతుందో ఆ అధికారులే చెప్పాలి. ఏప్రిల్‌లో ఒకటి నుంచి తొమ్మిది దాకా సెలవులిచ్చి పదో తరగతిని మాత్రం నెలాఖరు దాకా బడికి పిలిచారు. మా చిన్నది అప్పుడు పదో తరగతే.

అంతకుముందు, నవంబర్‌లో బడులు తెరిచినప్పుడే, బడి నుంచి ఒక కాగితం వచ్చింది. మా అమ్మాయిని మా ఇష్టపూర్వకంగానే పంపుతున్నామని తల్లిదండ్రులు సంతకం చేయాలట. దేశమంతా ఉన్న రూలే అన్నారు, సరే. చదివి సంతకం పెట్టి పంపాను. పెట్టకపోతే ఇంటి దగ్గర చదివించేదెవరు? ఫోను ఒకటి, పిల్లలిద్దరు. ఆయన డ్యూటీకి పోతే ఫోనూ పోతుంది. ఇప్పుడు ఈ కోర్టు మాటలు విన్నాక ఆ కాగితం మళ్లీ గుర్తొచ్చింది. పూచీ మాదని మేమైతే అప్పుడే రాసిచ్చాం. అదే పూచీ ప్రభుత్వం తీసుకోవాలని జడ్జీలు అన్నప్పుడు మీరు సంతకం పెట్టలేదు, పరీక్షే తీసేశారు. మీరు మోయలేమనుకున్న భారాన్ని అంత తేలిగ్గా మా నెత్తిన ఎట్లా పెట్టారు?

మంచి చేసిన చోట చెప్పకపోవడం నా పద్ధతి కాదు. ఈ నెల 20న ఒక్కరోజులో 13 లక్షలకు పైగా టీకాలేశారు. మా గ్రామ సచివాలయం వాళ్లు ఇంటింటికీ వచ్చి పిలుచుకుపోయారు. ఐదేళ్లలోపు పిల్లలున్న తల్లులకు ముందు టీకా అన్నారు, అది ఎవరికి తట్టిందోగానీ తల్లి మనసు తెలిసినవాళ్లు. తల్లిదండ్రుల్ని పోగొట్టుకున్న పిల్లల పేరున 10 లక్షలు డిపాజిట్ చేస్తున్నారు. ఇంత ఆలోచించగలిగిన ప్రభుత్వం పరీక్షల దగ్గరికొచ్చేసరికి అంత మొండికెందుకు పోయింది?

ఇప్పుడు అందరి నోటా మూడో వేవ్. పిల్లల మీదే పడుతుందని ఒకరు, దానికి ఆధారం లేదని ఎయిమ్స్ డైరెక్టర్ గులేరియా గారు, పిల్లల డాక్టర్ల సంఘం వాళ్లు. వాళ్ల మాటే నిజం కావాలని దేవుడికి మొక్కుతున్నాను. అయితే కరోనా తగ్గిపోయిన కొన్ని వారాలకు కొందరు పిల్లలకు విడవని జ్వరం, కళ్లు ఎర్రబడడం, ఒంటిమీద దద్దుర్లు, కడుపునొప్పి వచ్చి గుండెదాకా పోతుందని డాక్టర్లే చెప్తున్నారు. ఎంఐఎస్-సి అంటారట. అది మామూలు జ్వరమో ఇదో మా ఊళ్లో చూసి చెప్పేదెవరు? పిల్లలకు పెద్ద ఆసుపత్రులు విశాఖలో, విజయవాడ-గుంటూరు మధ్య, తిరుపతిలో కడతామన్నారు. బిట్రగుంట నుంచి నెల్లూరు పోవడానికే అర్ధరాత్రి బండి దొరకదు, తిరుపతికి ఎప్పుడు చేరాలి? మే 21న కృష్ణపట్నంలో ఆనందయ్య గారు కరోనాకిచ్చే నాటు మందు కోసం వేలకు వేల జనం తోసుకున్నారు. టీవీల్లో చూసి నవ్వినవాళ్లు నవ్వారు. ఆసుపత్రిలో మంచం దొరుకుతుందన్న నమ్మకం ఉంటే అంతమంది అక్కడికి పోతారా?

ఈ 2021 జూన్ నాటికి పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లకు టీకా రాలేదు. కొవాగ్జిన్ పిల్లల మీద ఇప్పుడే పరీక్షిస్తున్నారు. మరి బడులు ఎప్పుడు తెరుస్తారు? తెరిచేముందు టీచర్లందరికీ రెండో డోసు పడుతుందా? బడులు బాగుచేసే నాడు-నేడు పథకంలో కొత్త కుళాయిలు, కొత్త మరుగుదొడ్లు పెట్టారు, సంతోషం, ఊడ్చి కడిగే ఆయా ప్రతి బడికీ ఉందా? బెంచీకి ఎందరు? ఒక పిల్లకు జ్వరమొస్తే మిగతా తల్లులకు చెప్తారా, గుట్టుగా ఉంచుతారా? ఈసారి కూడా సంతకం కాగితం పంపుతారా?

పంపితే పంపండి. అందులో ప్రభుత్వం ఏ పూచీ తీసుకుంటుందో కూడా రాసి, మీ తరఫున ఎవరైనా సంతకం పెట్టి పంపండి. ఏదో ఒక దారిన మమ్మల్ని కూడా అడగండి. పింఛను ఇవ్వడానికి ఒకటో తేదీ తెల్లవారకముందే గ్రామ వాలంటీరు గుమ్మంలో ఉంటాడు, పిల్లల సంగతి అడగడానికి మాత్రం మనిషి దొరకడా?

మార్కులు ఎట్లా వేస్తారో 10 రోజుల్లో తేల్చమని, జులై 31లోగా ఫలితాలు ఇవ్వమని కోర్టు చెప్పింది. దాన్నయినా ఆఖరి రోజు దాకా లాగకండి. మావాడు రోజూ అడుగుతున్నాడు, నా దగ్గర జవాబు లేదు.

ఇట్లు,
ఒక తల్లి,
రైల్వే కాలనీ, బిట్రగుంట, నెల్లూరు జిల్లా.
జూన్ 27, 2021