గోల్ కొట్టని పిల్లవాడి గురించి



నేను ఇంగ్లిష్ టీచర్‌ని, ఆటల టీచర్‌ని కాను. అయినా గత నెల హిందూపురం నుంచి ధర్మవరం మ్యాచ్‌కి వెళ్లే మన హాకీ పిల్లల బస్సులో నాకు డ్యూటీ పడింది. దారిలో పెనుకొండ దగ్గర ఇద్దరు పిల్లలు ఎక్కారు. అందులో ఒకరు ఎనిమిదో తరగతి అబ్బాయి. దింపడానికి వచ్చిన వాళ్ల నాన్నగారు బస్సు కిటికీ దగ్గరకు వచ్చి నాతో అన్నారు: "సార్, మావాడు రెండేండ్ల నుంచి ఆడ్తాండాడు. ఒక్క గోల్ గూడా కొట్టలేదు. ఇంక చాలు సార్. తొమ్మిదో క్లాసుకి ఆట మాన్పించి ఫౌండేషన్‌లో వేస్తాం."

ఆ మాట అబ్బాయికి వినపడింది. వాడు ఏమీ అనలేదు. బ్యాగు జిప్పు తీస్తూ, వేస్తూ కూర్చున్నాడు.

వాడు ఆడేది వెనుక, డిఫెన్స్‌లో. గోల్ కొట్టడం వాడి పని కాదు, గోల్ పడకుండా చూడడం వాడి పని. ఆ రోజు మనం 1-0తో గెలిచాం. గోల్ కొట్టిన అబ్బాయిని అందరూ ఎత్తుకున్నారు. ఫోటో తీసింది నేనే. ఇంటికొచ్చి చూసుకుంటే ఈ అబ్బాయి మొహం ఫోటోలో సగమే పడింది. "వీడు ఎన్ని బంతులు ఆపాడు?" అని కోచ్‌ని అడిగాను. "అది ఎవరు రాసుకుంటారు సార్?" అన్నారాయన.

అప్పటి నుంచి ఆ జవాబు నన్ను వదల్లేదు. అందుకే ఈ ఉత్తరం.

డిఫెండర్ పని ఎంత కష్టమో ఒక్క సందర్భం చూస్తే చాలు. హాకీలో పెనాల్టీ కార్నర్ ఇచ్చినప్పుడు గోల్‌కీపర్‌తో కలిపి ఐదుగురే గోల్ కాయాలి. మిగిలినవాళ్లు సెంటర్ లైన్ అవతలకు వెళ్లిపోవాలి. బంతి లోపలికి రాగానే ఒక డిఫెండర్ గోల్ లైన్ నుంచి నేరుగా, కొట్టబోయేవాడి మీదికి పరుగెత్తుతాడు. అతన్ని ఫస్ట్ రషర్ అంటారు. ఎదురుగా వచ్చే బంతి వేగం గంటకు 100 కిలోమీటర్లు దాటవచ్చు. మొహానికి మాస్కు, మోకాళ్లకు ప్యాడ్లు కట్టుకుని ఆ బంతికి ఎదురు వెళ్లడమే అతని ఉద్యోగం.

మన దేశానికి ఆ పని చేసినవారిలో పేరున్న ఆటగాడు అమిత్ రోహిదాస్. ఒడిశా సుందర్‌గఢ్ జిల్లాలోని సౌనామారా పల్లెలో 1993లో పుట్టాడు. 2013లో భారత సీనియర్ జట్టులోకి వచ్చాడు. తర్వాత చోటు పోయింది. మళ్లీ జట్టులో కుదురుకోవడం 2017లో మొదలైంది. టోక్యో ఒలింపిక్స్ నాటికి అతని వయసు 28. 2021 ఆగస్టు 5న జర్మనీతో కాంస్య పతకం మ్యాచ్‌లో మనం 5-4తో ముందున్నాం. ఆట ముగియడానికి ఏడు సెకన్లు కూడా లేవు, జర్మనీకి పెనాల్టీ కార్నర్ వచ్చింది. మనవాళ్లు ఆపారు. 41 ఏళ్ల తర్వాత హాకీలో ఒలింపిక్ పతకం వచ్చింది. ఆ రోజు మనం కొట్టిన ఐదు గోల్స్‌తో పాటు, చివర్లో పడకుండా ఆపిన ఆ ఒక్క గోల్ కూడా పతకం తెచ్చింది.

ఇంకో వైపు కూడా చెప్పాలి. డిఫెండర్ చేసిన మంచి ఎవరికీ కనపడదు, తప్పు మాత్రం అందరికీ కనపడుతుంది. 2024 పారిస్ ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్‌లో బ్రిటన్ మీద 17వ నిమిషంలో రోహిదాస్‌కి రెడ్ కార్డు పడింది. మిగిలిన 40 నిమిషాలకు పైగా మన జట్టు పది మందితోనే ఆడింది. 1-1 దగ్గర నిలబడి, షూటౌట్‌లో 4-2తో గెలిచింది. అన్ని నిమిషాలు పది మంది ఆ స్కోరును కాపాడారంటే అదంతా ఆపడం నేర్చుకున్న పిల్లల చదువే.

మీ బంధువులు అమెరికాలోనో కెనడాలోనో ఉంటే ఐస్ హాకీ పేరు వినే ఉంటారు. ముందుకు పోకుండా తన గోల్ దగ్గరే కాపలా ఉండే ఆటగాడిని అక్కడ "స్టే ఎట్ హోమ్" డిఫెన్స్‌మ్యాన్ అంటారు. జాకబ్ స్లేవిన్ అనే కుర్రాడిని 2012లో కరోలినా జట్టు ఎంచుకున్నప్పుడు అతని వరుస సంఖ్య 120. అంటే అతనికంటే ముందు 119 మంది పేర్లు పిలిచారు. వెంటనే పెద్ద లీగ్‌లోకి దించలేదు. కాలేజీలో ఆడుతూ నేర్చుకున్నాడు, 2015లో ఎన్‌హెచ్‌ఎల్‌లో అడుగుపెట్టాడు. 2020-21 సీజన్‌లో 52 మ్యాచ్‌లు ఆడి, ఫౌల్ చేసినందుకు శిక్షగా బయట కూర్చున్నది మొత్తం 2 నిమిషాలే. ఎదుటివాడిని పడగొట్టకుండానే ఆపడం ఎలాగో నేర్చుకున్నాడన్నమాట. మర్యాదగా ఆడేవారికిచ్చే లేడీ బింగ్ ట్రోఫీ ఆ ఏడాది అతనికే వచ్చింది.

మన రాయలసీమలోనే ఒక ఉదాహరణ ఉంది. ఉమ్మడి చిత్తూరు జిల్లా పల్లె నుంచి వచ్చిన ఎతిమరపు రజని భారత మహిళల జట్టుకు గోల్‌కీపర్‌గా ఆడింది. అదే కాలంలో జట్టులో సవితా పునియా ఉంది. గోల్ ముందు నిలబడే చోటు ఒక్కటే కాబట్టి రజని ఎన్నో మ్యాచ్‌లు బెంచీ మీద నుంచే చూసింది. అయినా సాధన మానలేదు. 2017 ఆసియా కప్‌లో స్వర్ణం, 2022 కామన్వెల్త్ క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్లలో ఆమె పేరు ఉంది.

ఈ ముగ్గురిలో నాకు కనపడేది ఒకటే. ఆపే విద్య ఆలస్యంగా పండుతుంది. ఎదుటివాడు ఎటు తిరుగుతాడో ముందే పసిగట్టడం, బంతి వెంట పరుగెత్తకుండా తన చోటులో ఆగడం, తప్పు చేశాక మరుసటి నిమిషంలో మళ్లీ నిలబడడం పదమూడేళ్లకు రావు. పదమూడేళ్లకే లెక్క చూసి "ఏమీ లేదు" అంటే, విత్తనం వేసిన వారానికే పొలం దున్నేసినట్టు అవుతుంది.

పెనుకొండ వాళ్లకు ఇది వేరే చెప్పాలా? 1565 యుద్ధం తర్వాత విజయనగర రాజులు రాజధానిని పెనుకొండకు మార్చారు. ఆ కోట ఎన్ని ఊళ్లు గెలిచిందని ఎవరూ అడగరు. దాని వెనుక ఎంతమంది తలదాచుకున్నారన్నదే దాని విలువ.

ఇందులో మా తప్పూ ఉంది. నేను ఎర్ర పెన్నుతో పిల్లల తప్పులు లెక్కపెడతాను. చేయకుండా జాగ్రత్తపడిన తప్పులకు మార్కులు వేసే గడి నా దగ్గర లేదు. ఈ పత్రికలో కూడా మేము వేసేది ర్యాంకర్ల ఫోటోలు, కప్పు పట్టుకున్నవాళ్ల ఫోటోలే. మేము లెక్కపెట్టిందే మీరు నమ్ముతున్నారు. అది మీ తప్పు అనలేను.

మీ భయం నాకు తెలుసు. ఫీజులు కడుతున్నారు, పోటీ పరీక్షలు ముందున్నాయి, ఆటతో సాయంత్రాలు పోతున్నాయి. ఆడే ప్రతి పిల్లవాడూ ఒలింపిక్స్‌కి వెళ్లడు. సమయం చాలక, ఆరోగ్యం బాగాలేక, డబ్బు ఇబ్బందై మాన్పించాలనుకుంటే అది మీ నిర్ణయం, నేను మాట్లాడను. కానీ "గోల్ కొట్టలేదు" అన్న ఒక్క కారణంతో మాత్రం మాన్పించకండి. ఆ కారణం విన్న పిల్లవాడికి, కనపడని పని చేయడం దండగ అని మనమే నేర్పినట్టవుతుంది. రేపు వాడు ఇంట్లో, ఆఫీసులో చేయాల్సిన పనుల్లో సగం అలాంటివే.

ఒక పని చేయండి. ఈ నెల ఒక్క మ్యాచ్‌కి రండి. బంతిని చూడకండి, మీ పిల్లవాడినే చూడండి. బంతి దగ్గర లేనప్పుడు ఎక్కడ నిలబడుతున్నాడో గమనించండి. ఇంటికి తీసుకెళ్లేటప్పుడు "గోల్ కొట్టావా?" అని కాకుండా "ఈరోజు ఏం ఆపావు?" అని అడగండి. నా వంతుగా, వచ్చే మ్యాచ్ నుంచి నోట్‌బుక్ తీసుకెళ్లి మన డిఫెండర్లు ఆపిన బంతులు రాసిపెడతాను. అడిగిన తల్లిదండ్రులకు చూపిస్తాను.

ఆ పెనుకొండ అబ్బాయి సంగతి ఇంకా తేలలేదు. తొమ్మిదో తరగతి మొదలయ్యేలోపు ఇంట్లో నిర్ణయం తీసుకుంటారట. వాళ్ల నాన్నగారు ఈ పత్రిక చదువుతారని తెలుసు. అన్నా, ఒక్క మ్యాచ్ చూసి ఆ తర్వాత చెప్పండి. బస్సులో మీకూ ఒక సీటు ఉంచుతాను.