ఎవరి పాట ప్రైవేటు?

"మన దగ్గర సొంత పాటను జనం ఆదరించరు" అన్న మాట ఈ మధ్య చాలామంది నోట వింటున్నాను. బ్యాండు పెట్టుకున్న కుర్రాళ్ళు అంటారు, సాంస్కృతిక సంఘాల పెద్దలు అంటారు, స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసే మన స్నేహితురాళ్ళూ అంటారు. తెలుగువాళ్ళకు సినిమా పాటే పాట, మరొకటి చెవికెక్కదు అని తీర్మానం. పరిశీలించకుండా ఒప్పుకోదగ్గ మాట కాదిది. అభిరుచి ఆకాశం నుంచి ఊడిపడదు. వేదిక ఎవరి చేతిలో ఉంది, పాడడానికి, వినడానికి తీరిక ఎవరికుంది, పాడినందుకు కూలి ఎవరికి ముడుతోంది? ఈ మూడూ అడక్కుండా జనం రుచిని తప్పుబట్టడం తేలిక.

మొదట మన భాషనే చూద్దాం. సినిమాలో లేని ప్రతి పాటనూ మనం "ప్రైవేటు పాట" అంటాం. గ్రామఫోను కాలంలో ప్రైవేటు రికార్డు, క్యాసెట్ల కాలంలో ప్రైవేటు ఆల్బమ్, ఇప్పుడు యూట్యూబులో ప్రైవేటు సాంగ్. ఒక నిర్మాత పెట్టుబడి పెట్టి చేయించి, హక్కులు ఆడియో కంపెనీకి అమ్ముకున్న పాటేమో అందరిదీ. వాడకట్టు ఆడవాళ్ళంతా కలిసి చప్పట్లు కొడుతూ పాడేది, ఒక అమ్మాయి తన బతుకు గురించి తానే రాసుకుని నలుగురిలో పాడేది ప్రైవేటు! ఇంటిచాకిరీనీ, మొగుడి దెబ్బలనూ "వాళ్ళ సొంత విషయం" అని కొట్టిపారేసిన సమాజమే ఈ పేరూ పెట్టింది. ప్రైవేటు అని పేరు పెట్టాక దానికి లెక్కుండదు, వేతనముండదు, చరిత్రా ఉండదు.

సొంతంగా పాడి బతికిన స్త్రీలు మనకు లేకపోలేదు. 1902లో గౌహర్ జాన్ కలకత్తాలో గ్రామఫోను కోసం పాడింది మొదలు, ఈ దేశంలో రికార్డు కంపెనీలు నిలదొక్కుకున్నది చాలావరకు తవాయిఫుల, దేవదాసీ కుటుంబాల స్త్రీల గొంతుల మీదనే. తెలుగునాట కళావంతుల స్త్రీలు సంగీతాన్ని వృత్తిగా చేసుకుని ఇళ్ళు నడిపారు. సంస్కరణోద్యమం వాళ్ళ జీవితాల్లోని దోపిడీని ప్రశ్నించింది, కాదనను. ఐతే దోపిడీతో పాటు జీవనోపాధినీ తుడిచిపెట్టింది. 1947లో మద్రాసు దేవదాసీ చట్టం వచ్చేనాటికి వాళ్ళ పాట "పరువుగల" ఇళ్ళలోకి చేరింది, వాళ్ళు మాత్రం గుమ్మం బయటే ఉండిపోయారు. సర్దార్ పటేల్ సమాచార ప్రసార శాఖ చూసిన రోజుల్లో ఆకాశవాణి, వ్యక్తిగత జీవితం అపవాదుల పాలైన వాళ్ళను మైకు దగ్గరికి రానివ్వకూడదనుకుంది. ఆ వేటు ఎవరిమీద పడిందో చెప్పనక్కర్లేదు. మగ విద్వాంసుల వ్యక్తిగత జీవితాలు ఎవరికి పట్టాయి? ప్రైవేటు అన్న మాట ఇక్కడ రెండోసారి స్త్రీల మీదే ప్రయోగమైందని గమనించాలి.

ఆ తర్వాత అదే ఆకాశవాణి లలిత సంగీతాన్ని పెంచి పోషించింది. బాలాంత్రపు రజనీకాంతరావు, రావు బాలసరస్వతీదేవి వంటివారి వల్ల సినిమాకు బయట కూడా తెలుగు పాట ఉందని ఇంటింటికీ తెలిసింది. స్టూడియో ఉంది, వాద్యబృందానికి జీతం ఉంది, పాడినందుకు చెక్కు ఉంది, రోజూ ఒక వేళకు వినిపించే ఏర్పాటుంది. అందుకే జనం విన్నారు. 1952లో మంత్రి అయిన కేస్కర్ సినిమా పాటలను రేడియోలోంచి తరిమేస్తే జనం సిలోన్ పెట్టుకున్నారు, 1957లో ప్రభుత్వమే వివిధభారతి తెరవాల్సి వచ్చింది. నిషేధం పెడితే సొంత పాట బతుకుతుందనుకునే పెద్దలు ఇప్పటికీ ఉన్నారు కనుక ఇది గుర్తుచేస్తున్నాను. 2006లో హైదరాబాదుకు ప్రైవేటు ఎఫ్.ఎం. స్టేషన్లు వచ్చాయి. తమాషా ఏమిటంటే, ప్రైవేటు రేడియోలో ప్రైవేటు పాటకు చోటు లేదు. ప్రకటనల మధ్య సినిమా, సినిమా మధ్య ప్రకటనలు.

ఇక నేనుండే నిజాంపేట. 1998లో సైబర్ టవర్స్ తెరిచాక పొలాలు లేఅవుట్లయ్యాయి, లేఅవుట్లు అపార్టుమెంట్లయ్యాయి. 2019లో బాచుపల్లి, ప్రగతినగర్‌లతో కలిపి మునిసిపల్ కార్పొరేషనూ చేశారు. జీతాలొచ్చే చదువుకున్న జనం ఇంతమంది ఉన్నచోట, ఒక అమ్మాయి టికెట్టు పెట్టి తన పాటలు తాను పాడుకోగల చిన్న హాలు ఒక్కటి నాకు కనబడలేదు. ఉన్నవి ఫంక్షన్ హాళ్ళు, క్లబ్‌హౌసులు. ఫంక్షన్ హాలు అద్దె పెళ్ళివాళ్ళు కట్టగలరు, పాటగత్తె కట్టలేదు. క్లబ్‌హౌసు అసోసియేషన్‌ది, ఆ కమిటీల్లో పెత్తనం మగవాళ్ళది. ఇంక మిగిలింది మాదాపూర్, గచ్చిబౌలి పబ్బులు. అక్కడ బ్యాండ్లను పిలిచేది వచ్చినవాళ్ళు గొంతు కలపగల సినిమా పాటల కోసం. పైగా రాత్రి వేళ. హాస్టల్లో ఉంటూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ఒకమ్మాయి, మంచి పాటలు రాస్తుంది, నాతో చెప్పింది: పాడితే హాస్టల్ గేటు మూసేలోగా తిరిగి రాలేదు, వచ్చేలా ఐతే పాడే వంతే రాదు. ఆమెకు లేనిది శ్రోతలా, తెరిచి ఉన్న గేటా?

బతుకమ్మ 2014లో రాష్ట్ర పండుగ అయింది. మా చుట్టుపక్కల గేటెడ్ కాలనీల్లో ఆ తొమ్మిది రోజులూ పూలు బ్రహ్మాండంగా పేరుస్తారు, పట్టుచీరలు కడతారు, పాటకు మాత్రం డీజేని పెడతారు. పొద్దున అదే అపార్టుమెంట్లలో అంట్లు తోమి వెళ్ళినవాళ్ళలో, ఇసుకా ఇటుకా మోసి ఆ గోడలు కట్టినవాళ్ళలో మహబూబ్‌నగర్ ఆడవాళ్ళున్నారు, లంబాడీ తండాల ఆడవాళ్ళున్నారు. వాళ్ళకు పాటలు నోటికొచ్చు. వాళ్ళను వలయంలోకి పిలవడం ఎవరికీ తోచదు. తోచినా సర్వీస్ లిఫ్టులో రమ్మంటారేమో! ఆదరణ లేదంటున్నామే, ఆ డీజేకి ఇచ్చే డబ్బు ఆదరణ కాదా? అది ఎటు పోతోందన్నదే ప్రశ్న.

2021లో "సారంగ దరియా" వివాదం గుర్తుండే ఉంటుంది. 'లవ్ స్టోరీ' సినిమా కోసం ఒక జానపద గీతాన్ని తీసుకుని సుద్దాల అశోక్ తేజ తిరిగి రాశారు, మంగ్లీ పాడింది, కోట్లసార్లు విన్నారు. ఆ పాటను సేకరించింది, 'రేలా రె రేలా' టీవీ కార్యక్రమంలో పాడింది తానని వరంగల్ గాయని కోమలి ముందుకొచ్చి అడిగింది. దర్శకుడు శేఖర్ కమ్ముల ఆమె పేరు వేస్తామని, ప్రతిఫలం ఇస్తామని బహిరంగంగా చెప్పారు. మంచిదే. ఐతే అది ఆయన మంచితనం మీద ఆధారపడిన విషయంగానే మిగిలిపోయింది. 2012 కాపీరైటు సవరణ రచయితకు, స్వరకర్తకు వదులుకోవడానికి వీల్లేని రాయల్టీ హక్కునిచ్చింది, గాయనీగాయకులకూ వాటా చెప్పింది. కర్త పేరు తెలియని పాటకు మాత్రం అందులో చోటు లేదు. తరతరాల ఆడవాళ్ళు నాట్లు వేస్తూ, తిరగలి తిప్పుతూ కట్టిన పాటకు కర్త పేరు ఎక్కడినుంచి వస్తుంది? తిరిగి రాసినవారికి హక్కుంది, రికార్డు చేసిన కంపెనీకి హక్కుంది, గుర్తుపెట్టుకుని బతికించినామెకు లేదు.

యూట్యూబు వచ్చాక ఈ గోడలన్నీ కూలాయి కదా అని కొందరంటారు. కొంత నిజమే. లంబాడీ స్త్రీ మంగ్లీ రాష్ట్రమంతా తెలిసిన గాయని కావడం చిన్న సంగతి కాదు. ఐతే దారి ఎటు వెళుతోందో చూడండి. చౌరస్తా బ్యాండుతో సొంత పాటలు పాడిన రామ్ మిర్యాల ఇంటింటి పేరయింది 2021లో 'జాతిరత్నాలు' "చిట్టి" తర్వాత. సొంత ఆల్బమ్‌లు చేసుకున్న రాహుల్ సిప్లిగంజ్‌కు ఊరంతా దండలు వేసింది 2023 మార్చిలో "నాటు నాటు"కు ఆస్కార్ వచ్చాక. సొంత పాట సినిమాకు పెట్టుకునే దరఖాస్తుగా మారింది. మగవాళ్ళకే ఇలా ఉంటే, పాట కింద తన ఒళ్ళు గురించీ కులం గురించీ రాసే రోత చదువుకుంటూ తర్వాతి పాట రాయాల్సిన అమ్మాయి సంగతి? జానపదం పేరుతో వస్తున్నదంతా మనది అని నెత్తిన పెట్టుకోమనీ అనను. బావా మరదళ్ళ సరసం పేరుతో వెంటపడటాన్ని పొగిడే పాటలు అందులో కొల్లలు.

అసలు ఆదరణ ఎలా పుడుతుందో జహీరాబాద్ దగ్గర మాచనూరు చూపించింది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత స్త్రీలు 1998 నాటికే యునెస్కో సాయంతో స్టూడియో ఏర్పాటు చేసుకున్నారు. గాలితరంగాలు ప్రజల ఆస్తి అని 1995లోనే సుప్రీంకోర్టు చెప్పినా, స్వచ్ఛంద సంస్థలకు రేడియో అనుమతిస్తూ ప్రభుత్వం విధానం మార్చింది 2006లో. అన్నేళ్ళూ వాళ్ళు రికార్డు చేసి ఆ క్యాసెట్లనే ఊళ్ళలో వినిపించారు. 2008 అక్టోబరు 15న సంగం రేడియో ప్రసారం మొదలైంది. విత్తనాల గురించి, రోగాల గురించి, పండుగల గురించి ఆ చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళే మాట్లాడతారు, వాళ్ళే పాడతారు. జనం వినరన్న ఫిర్యాదు అక్కడ ఎలా పుడుతుంది? పాడేదీ వినేదీ ఇరుగుపొరుగే. జీతాల్లో మాచనూరుకు అందనంత ఎత్తున ఉన్న నిజాంపేటలో లేనిది ఆ ఏర్పాటే.

చివరిగా మన సంఘాల సంగతి కూడా మాట్లాడాలి. సారా వ్యతిరేకోద్యమం నుంచి నేటి దాకా పాట లేకుండా మన సభ మొదలవదు. మైకు టెస్టు చేసుకునేలోగా "ఒక పాట అందుకో అక్కా" అంటాం. బడ్జెట్లో టెంటుకు ఇంత, బ్యానరుకు ఇంత, భోజనాలకు ఇంత, ఫైలు సంచులకు ఇంత. పాట పద్దు ఉండదు. ఉద్యమం కదా, డబ్బేమిటి అన్నది జవాబు. టెంటువాడు మాత్రం ఉద్యమమని ఊరుకుంటాడా? సగం పాటలు సినిమా బాణీల్లో ఉంటాయి, సొంత బాణీ కట్టినామె పేరు కరపత్రంలో ఉండదు. వచ్చే మార్చి 8 సభ లెక్క రాసేటప్పుడు గాయనికి, డప్పు వాయించే ఆమెకు ఇచ్చే మొత్తం, రానుపోను ఖర్చు, రాత్రి ఇంటి గుమ్మం దాకా దించే ఆటో కిరాయి టెంటు పద్దుకు పైన రాయండి. నిధులిచ్చే సంస్థ ఆ పద్దు కొట్టేస్తే ఎందుకు కొట్టేసిందో రాతపూర్వకంగా అడగండి. వచ్చిన జవాబులు ఈ పత్రికకు పంపండి, పేర్లతో సహా అచ్చు వేద్దాం.