ఈ ప్రెయిజ్ లైకా, డిస్‌లైకా?

అప్రైజల్ సీజన్ కదా, ఆఫీసు మెయిళ్లన్నీ పాకంలో ముంచి తీసినట్టుంటున్నాయి. మొన్న మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు క్లయింటుకి మెయిల్ రాశాడు: మీ టీమ్‌ని మా మేనేజర్ ‘ఫుల్‌సమ్ ప్రెయిజ్’తో ముంచెత్తారు అని. సెండ్ కొట్టే ముందు నాకు చూపించి, ‘‘ఫుల్లుగా మెచ్చుకోవడమే కదన్నా?’’ అన్నాడు.

అవును. కాదు కూడా!

13వ శతాబ్దంలో ఈ మాట పుట్టినప్పుడు వాడు చెప్పిందే కరెక్టు. ‘ఫుల్’కి ‘సమ్’ తగిలిస్తే పుష్కలంగా అని అర్థం. తర్వాత కాస్త ఒళ్లు చేసినవాళ్లకీ వాడారు. తిండి దగ్గరికొచ్చేసరికి కథ అడ్డం తిరిగింది. ఎంత మంచి స్వీటైనా పదోది తింటే మొహం మొత్తుతుంది కదా, అలా ‘వెగటు’ అనే అర్థం పట్టుకుంది. 17వ శతాబ్దానికి ఆ వెగటు పొగడ్తలకు అంటింది. ఫుల్‌సమ్ ప్రెయిజ్ అంటే శ్రుతిమించిన భజన అన్నమాట.

అక్కడితో ఆగలేదు. 20వ శతాబ్దంలో పాత అర్థం మళ్లీ లేచొచ్చింది. ఇప్పుడు డిక్షనరీల్లో రెండూ ఉన్నాయి. ఇంగ్లిష్ పేపర్లలో ‘ఫుల్‌సమ్ అపాలజీ’ అని కనిపిస్తే మనస్ఫూర్తిగా సారీ చెప్పారో, ఓవరాక్షన్ చేశారో మనమే తేల్చుకోవాలి. ఇలా రెండు వైపులా చెడ్డ మాటలకి బ్రయాన్ గార్నర్ అనే అమెరికన్ భాషా నిపుణుడు ‘స్కంక్‌డ్ టర్మ్స్’ అని పేరు పెట్టాడు. స్కంక్ అంటే కంపు కొట్టే జంతువు. ఎటు వాడినా ఎవరో ఒకరు ముక్కు మూసుకుంటారని.

మన ‘భజన’ కూడా ఇలాంటిదే. గుళ్లో చేస్తే భక్తి, మేనేజర్ క్యాబిన్‌లో చేస్తే వేరే లెక్క. కానీ ఎవరూ కన్ఫ్యూజ్ అవ్వరు, ఎక్కడ చేస్తున్నారో చూస్తే తెలిసిపోతుంది. ‘మునగచెట్టు ఎక్కించడం’ ఇంకా క్లియర్, ఆ కొమ్మ విరుగుతుందని ఎక్కించేవాడికీ తెలుసు. ఫుల్‌సమ్‌తో గొడవేంటంటే, రాసినవాడు ఒక అర్థంలో రాస్తాడు, చదివేవాడు ఇంకో అర్థంలో చదువుతాడు.

అసలు డేంజర్ ఎంఎస్‌కి అప్లై చేసేవాళ్లకి. రికమెండేషన్ లెటర్ మనమే డ్రాఫ్ట్ చేసి సార్ సంతకానికి పట్టుకెళ్లే బ్యాచ్ ఉంటుందిగా! అందులో ‘ఫుల్‌సమ్’ ఉంటే, సార్ మొహమాటానికి డప్పు కొట్టారని అక్కడ చదివేవాళ్లు అనుకునే ఛాన్సుంది. తీసేసి ఆ ప్లేసులో ప్రాజెక్టులో మీరేం చేశారో ఒక లైను రాయండి. ‘వామ్’ అని పెట్టినా చాలు.