యజమాని మారిన పనిముట్ల కొట్టు

గత మాసమున మాకొక లేఖ వచ్చినది. వ్రాసిన సోదరి హైదరాబాదు నివాసిని. ఆమె కుమార్తె యెనిమిది సంవత్సరములుగా నొక చిన్న సాఫ్టువేరు కంపెనీలో పనిచేయుచున్నది. ఆ కంపెనీ బ్యాంకులకో బడులకో ప్రోగ్రాములు వ్రాసి యిచ్చునది గాదు. ప్రోగ్రాములు వ్రాయువారికి కావలసిన పనిముట్లను చేసి యమ్మునది. దానిని మొన్న నొక పెద్ద విదేశీ కంపెనీ కొన్నదట. "ఆనాడు ఆఫీసులో మిఠాయిలు పంచిరి. పిల్ల యింటికి వచ్చి పొట్లమును బల్లమీద పెట్టి, అన్నము తినక కూర్చున్నది. ఇది పెండ్లివంటిదా, అప్పగింతలవంటిదా? మీరు చెప్పవలెను" అని యామె యడిగినది.

ఈ ప్రశ్న యొక్క యింటిది గాదు. మన పాఠక సోదరీమణులలో పలువురి బిడ్డలు, కోడండ్రు, కొందరు తామును ఈ వృత్తిలోనే యున్నారు. జోస్యము చెప్పుట మాకు చేతగాదు. కాని యిట్టి క్రయమే యొకటి 2018లో జరిగినది. దాని ఫలము లిప్పటికి పండి కంటికి కనబడుచున్నవి. వానిని చూపినచో మా సోదరికి కొంత తెరపి కలుగునని తలచుచున్నాము.

ముందుగా ఈ పనిముట్లన నేవో చెప్పవలెను. కమ్మరికి సమ్మెట యెట్లో, ప్రోగ్రాములు వ్రాయువారికిని కొన్ని సాధనము లట్లు కావలెను. వ్రాయుట కొకటి, తప్పులు వెదకుట కొకటి, వ్రాసినదానిని భద్రపరచుట కొకటి. నూరుగురు చేరి యొకే ప్రోగ్రామును వ్రాయునపుడు ఎవరు ఏనాడు ఏ పంక్తిని మార్చిరో లెక్క యుండవలెను. పెద్ద యింట నలుగురు కోడండ్రు వంటకు దిగినపుడు ఉప్పు వేసిన దెవరో తెలియనిచో కూర యేమగునో మన మెరుగుదుము గదా! అట్టి లెక్కను వ్రాసియుంచు పనిముట్టునకు గిట్ అని పేరు.

దీని పుట్టుకయే యొక పాఠము. లినక్సు అను ప్రసిద్ధమైన సాఫ్టువేరును వ్రాయువారు మొదట బిట్‌కీపర్ అను వేరొక పనిముట్టును వాడుచుండిరి. అది యొక కంపెనీ యమ్ము సరకే యైనను వారికి మాత్రము ఉచితముగా నీయబడుచుండెను. 2005లో వివాద మేర్పడి, ఆ కంపెనీ యుచితపు టనుమతిని తీసివేసినది. లినక్సు సృష్టికర్తయగు లైనస్ టోర్వాల్డ్సు వెంటనే తానే యొక పనిముట్టును చేసికొనెను. అదియే గిట్. దానిని వాడుకొనుట కెవరిని వేడుకొన నక్కరలేదు. అంతకంటె ముఖ్యమగు గుణ మొకటి దానికి గలదు: పనిచేయు ప్రతివారి యొద్దను పూర్వచరిత్రతో గూడిన పూర్తి ప్రతి యుండును. మూలస్థానము నశించినను ఏ యొక్కరి ప్రతినుండియైనను అంతయు మరల నిలుపవచ్చును. ఈ గుణమును పాఠకురాండ్రు జ్ఞాపక ముంచుకొందురుగాక. ముందు దీనితో పని పడును.

2008లో అమెరికాలోని సాన్‌ఫ్రాన్సిస్కో నగరమున క్రిస్ వాన్‌స్ట్రాత్, టామ్ ప్రెస్టన్ వెర్నర్ మొదలగు కొందరు యువకులు ఈ గిట్‌ను ఆధారముగా జేసికొని గిట్‌హబ్ అను పేర నొక సంస్థను స్థాపించిరి. అది యూరి నడుమ చావడివంటిది. ఎవరైనను తమ ప్రోగ్రామును అచట నుంచవచ్చును. ఇతరులు చూచి తప్పులు చెప్పవచ్చును, సవరణలు పంపవచ్చును. పదిమంది యెదుట నుంచిన వ్రాతకు రుసుము లేదు; మరుగున నుంచుకొన గోరువారు మాత్రము ఆనాడు చెల్లింపవలసియుండెను. పదియేండ్లలో 2 కోట్ల 80 లక్షలకు పైగా జనులు అచట చేరిరి.

2018 జూను 4వ తేదీన మైక్రోసాఫ్టు కంపెనీ 750 కోట్ల డాలర్ల విలువగల తన వాటాల నిచ్చి గిట్‌హబ్‌ను కొనుచున్నట్లు ప్రకటించినది. అక్టోబరు 26న క్రయము ముగిసినది. కొన్న కంపెనీకి 2014 నుండి యధిపతిగా నున్నవారు హైదరాబాదున జన్మించి, బేగంపేటలోని హైదరాబాదు పబ్లిక్ స్కూలులో చదివిన సత్య నాదెళ్ల.

వార్త వినగానే చావడిలో కలకలము పుట్టినది. ఏలయన, 2001లో ఇదే మైక్రోసాఫ్టునకు అధిపతిగా నుండిన స్టీవ్ బామర్ లినక్సును రాచపుండుతో పోల్చియుండెను. ఆ మాటను జనులు మరువలేదు. కొందరు మూటముల్లె సర్దుకొని గిట్‌ల్యాబ్ మున్నగు వేరు చావళ్లకు తరలిపోయిరి.

క్రొత్త యజమాని తొందరపడలేదు. గిట్‌హబ్ పేరు మార్చలేదు. దాని పద్ధతులను కదపలేదు. పెత్తనమునకు నాట్ ఫ్రీడ్‌మన్ అను నతనిని పంపెను. ఇతడు మిత్రునితో గూడి స్థాపించిన జామరిన్ అను పనిముట్ల కంపెనీని 2016లో ఇదే మైక్రోసాఫ్టునకు అమ్మినవాడు. అనగా అప్పగింతల బాధ నెరిగినవాడు. 2019 జనవరిలో, మువ్వురు సహకారులవరకు, మరుగున నుంచుకొను వ్రాతకును రుసుము తీసివేసిరి. 2020 ఏప్రిలులో ఆ పరిమితిని గూడ నెత్తివేసిరి. చిన్న కంపెనీకి రుసుమే గ్రాసము. దానిని వదలుకొనుట దాని కలవిగాదు. పెద్ద యింటి కది చిటికెడు ఉప్పు. పోవుదురనుకొన్న జనులు పోకపోగా, 2023 జనవరి నాటికి చావడి జనసంఖ్య 10 కోట్లకు చేరినది. ఇది క్రయమువలన గలిగిన నిజమైన మేలు. దీనిని కాదనుట న్యాయము గాదు.

అయినను 750 కోట్లు పోసినవాడు రుసుమును వదలుకొనుట యేల? ఇచట గృహిణుల లెక్క పనికివచ్చును. పాడియావును కొన్నవాడు పేడను ఊరికే పంచినచో నతని లాభము పాలలో నున్నదని మన కెవరును చెప్ప నక్కరలేదు. ప్రోగ్రాములు వ్రాయు జనులు దినదినమును తన గడప త్రొక్కుటయే మైక్రోసాఫ్టునకు కావలసినది. ఆ పాలు 2021 జూనులో స్పష్టముగా కనబడినవి. మనుష్యుడు ప్రోగ్రాము వ్రాయుచుండగా తరువాతి పంక్తులను తానే యందించు కోపైలట్ అను యంత్రసహాయకుని గిట్‌హబ్ వెలికి దెచ్చినది. 2022 జూనునుండి నెలకు 10 డాలర్లకు దాని నమ్మజొచ్చినది. చావడిలో బహిరంగముగా నుంచిన వ్రాతలను చదివించియే దానికి విద్య గరపిరి. పదిమంది మేలుకొరకు పెట్టినదానిని యంత్రమునకు మేతగా వేసిరని కొందరు 2022 నవంబరులో దావా వేసిరి. 2024 నాటికి న్యాయస్థానము అందలి యభియోగములు పెక్కింటిని త్రోసివేసినది. న్యాయ మెటులున్నను, అచట వ్రాతల నుంచిన నాడు ఈ యుపయోగ మెవరి యూహలోను లేదు.

ఇక తోడికోడండ్ర మాట. గిట్‌హబ్‌వారు ప్రోగ్రాములు వ్రాసికొనుటకై ఆటమ్ అను పనిముట్టును స్వయముగా తయారుచేసియుండిరి. మైక్రోసాఫ్టు నింట అదే పనికి విజువల్ స్టూడియో కోడ్ అనునది యదివరకే యున్నది. రెండును సాగునని 2018లో ఫ్రీడ్‌మన్ చెప్పెను. 2021 చివర నతడు పదవి వదలి వెళ్లెను. 2022 డిసెంబరు 15న ఆటమ్‌ను మూసివేసిరి. అతని జామరిన్ పేరిటి పనిముట్లకును 2024 మే నెలలో పోషణ మానివేసి, మైక్రోసాఫ్టువారి వేరొక పనిముట్టును వాని స్థానమున నిలిపిరి. ఎవరును బొంకిరని మే మనము. ఒకే యింట ఒకే పనికి రెండు రోళ్లున్నచో నొకటి పెరటిలోనికి పోవును. మాట యిచ్చినవాడు వెడలిన పిదప ఆ మాటకు కావలి యుండదు.

2025 ఆగస్టులో గిట్‌హబ్ నాటి యధిపతి థామస్ డోమ్కె తాను విరమించుకొనుచున్నట్లు తెలిపెను. ఆ పదవిలో వేరొకరిని నిలుపక, సంస్థను మైక్రోసాఫ్టువారి కృత్రిమమేధా విభాగమున చేర్చిరి. పేరు నిలిచినది, పెత్తనము పోయినది. దత్తత వెళ్లిన పిల్లవాని గోత్ర మొక్క క్షణమున మారును. గిట్‌హబ్‌నకు ఏడేండ్లు పట్టినది. భేద మంతియే.

ఇట్టి క్రయములలో జనులను కాపాడున దేది? దీనికి మరియొక కథ చెప్పవలెను. ఫిన్లాండు దేశీయుడగు మైకేల్ విడేనియస్ తన మిత్రులతో గూడి, లెక్కలును వివరములును దాచు సాఫ్టువేరు నొకదానిని తయారుచేసి, తన పెద్దకుమార్తె 'మై' పేర దానికి మైసీక్వెల్ అని పేరిడెను. 2008లో సన్ అను కంపెనీ దానిని సుమారు 100 కోట్ల డాలర్లకు కొన్నది. మరుసటి యేడు ఆ సన్‌నే కొనుటకు ఒరకిల్ అను మహాసంస్థ సిద్ధమైనది. ఒరకిల్‌వారి స్వంత వ్యాపారమును అట్టి సాఫ్టువేరుదే. ఐరోపా అధికారులు శంకింపగా, 2009 డిసెంబరులో ఒరకిల్‌వారు పది వాగ్దానములు చేసిరి. అవి యైదేండ్లు మాత్రమే చెల్లునవి. 2010 జనవరిలో అనుమతి లభించినది. కాని విడేనియస్ వాగ్దానములను నమ్ముకొని కూర్చుండలేదు. ఆ సాఫ్టువేరు వ్రాత నెవరైనను తీసికొని సాగించుకొనవచ్చునని దాని పత్రములోనే యున్నది. అందుచే నతడు 2009లోనే దాని ప్రతిని తీసికొని, చిన్నకుమార్తె మరియా పేర మరియాడీబీ అను క్రొత్త శాఖను నాటెను. 2013లో వికీపీడియా దానికి మారినది. పెద్దపిల్ల క్రొత్త యింట నున్నది. చెడిపోలేదు, నేటికిని బ్రతికియే యున్నది. చిన్నపిల్ల తండ్రియొద్ద పెరిగినది. పేరు నమ్మినవాడు విద్య నమ్ముకొనలేదు.

కనుక మా యభిప్రాయ మిది. కొన్నవాని మంచితనము చూడవలసినదే. కాని దానిపై నిల్లు కట్టుకొనరాదు. వెడలిపోవు త్రోవ తెరచియున్నంతవరకే లోపల మర్యాద జరుగును. గిట్‌హబ్ జనులకు ఏడేండ్లు మర్యాద జరుగుటకు వారి ప్రోగ్రాముల పూర్తి ప్రతులు వారి వారి యొద్ద నుండుటయు నొక ముఖ్యకారణమని మే మనుకొందుము. రేపే మూట గట్టగలవారిని ఎవరును తేలికగా చూడరు. ఇందును లోపము లేకపోలేదు. వ్రాత ప్రతి మన యొద్ద నుండును గాని, దాని చుట్టు జరిగిన చర్చలు, తీరిన తగవులు, నేర్చిన పాఠములు చావడి గోడలమీదనే యుండిపోవును. వానిని గూడ నప్పుడప్పుడు ప్రతి తీసికొని దాచువారే బుద్ధిమంతులు.

మా సోదరి కుమార్తె తన ఆఫీసున నాలుగు సంగతులు విచారింపవలెను. కొన్నవారి యింట అదే పనికి వేరొక పనిముట్టు కలదా? కొన్నవారి లాభము ఈ పనిముట్టులో నున్నదా, దీనిచుట్టు చేరిన జనులలో నున్నదా? ఇచ్చిన మాటలు పత్రమున నున్నవా, ఎన్ని యేండ్లకు? తమ సరకు వాడువారు దానిని తీసికొని పోగలరా? మొదటి ప్రశ్నకు కలదను జవాబు వచ్చినచో, రెండుమూడేండ్లలో మరియొక పని వెదకుకొనవలసి రావచ్చునని తెలిసికొని, ఇప్పటినుండియే సిద్ధపడవలెను. ఎనిమిదేండ్లలో నామె నేర్చిన విద్య యెవరికిని అమ్ముడుపోలేదు. దాని పూర్తి ప్రతి యామె యొద్దనే యున్నది.

ఇక పెండ్లియా, అప్పగింతలా అను ప్రశ్న. అమ్మా, మన యిండ్లలో నవి రెండును ఒకే పందిటిక్రింద జరుగునని మీకు మేము చెప్పవలయునా? పిల్ల కన్నీరు పెట్టుకొన్నచో పెట్టుకొననిండు. ఆ పిమ్మట మిఠాయి పొట్లము విప్పి, దగ్గర కూర్చుండి అన్నము పెట్టుడు.