రాకెట్టు కుత్తుకయు ఇంటి తెలుగును

"తెలుగు ఇంటిలో మాటలాడుకొనుటకు చాలును, శాస్త్రవిషయములకు ఇంగ్లీషే శరణ్యము" అను మాట, పొరుగు రాష్ట్రములలో తరతరములుగా స్థిరపడిన మన కుటుంబములలో తరచుగా వినవచ్చుచున్నది. ఈ అభిప్రాయము సరికాదని మా విశ్వాసము. మిక్కిలి కఠినమని పేరుపడిన రాకెట్టు నాజిలు విషయమునే పరీక్షగా తీసికొని చూతము.

రాకెట్టు అడుగున గంటవలె కనిపించు భాగమే నాజిలు. ఇంధనము మండగా పుట్టిన వాయువు దహనకోష్ఠమునందు మిక్కుటమైన పీడనముతోను వేడిమితోను ఉండును. ఆ వేడిమిని ఒకే దిక్కునకు పరుగెత్తు వేగముగా మార్చుట నాజిలు పని. వాయువు ఎంత వడిగా వెనుకకు వెడలునో, రాకెట్టునకు ముందునకు అంత త్రోపు లభించును.

నాజిలు మొదట సన్నగిల్లి, కుత్తుకవలె ఇరుకై, పిమ్మట గరాటువలె విప్పారును. కాలువ ఇరుకైనచోట నీరు వడిగా పారుట మన మెరిగినదే. వాయువునకును కుత్తుక వరకు అట్లే వడి హెచ్చి, అచట ధ్వనివేగము నందుకొనును. కాలువ వెడల్పైనచోట నీరు నెమ్మదించును గదా, వాయువును నెమ్మదింపవలదా? నెమ్మదింపదు. ధ్వనివేగమును మించిన వాయువు, దారి వెడల్పగుటకంటె త్వరగా వ్యాకోచించి పలుచబడును. పలుచబడిన వాయువు అదే మొత్తమున సాగిపోవలెనన్నచో మరింత పరుగెత్తక తప్పదు. రహస్యమంతయు ఇదియే.

ఈ ఆకారమును 19వ శతాబ్దము చివర స్వీడను దేశీయుడగు గుస్తాఫ్ ద లావాల్ ఆవిరి టర్బైనుకొరకు కల్పించెను. అమెరికాలో రాబర్ట్ గాడర్డు దానిని మందుగుండు రాకెట్టులకు అమర్చి చూడగా, సుమారు 2 శాతముగా నున్న సామర్థ్యము 60 శాతమును దాటెను. ఆ ఫలితములు 1919లో వెలువడినవి. తమిళనాడునందలి మన సోదరులకు ఈ విద్య దూరపుది కాదు. తిరునల్వేలి జిల్లా మహేంద్రగిరియందు 2024 మార్చి, ఏప్రిల్ మాసములలో ఇస్రోవారు పి.ఎస్.ఎల్.వి. నాలుగవ అంచెకొరకు కర్బన మిశ్రమముతో చేసిన నాజిలు భాగమును మండించి పరీక్షించిరి. అది లోహపుదానికంటె తేలిక; అందువలన రాకెట్టు సుమారు 15 కిలోల అదనపు బరువును మోయగలదు.

పై వివరణలోని కుత్తుక, గరాటు, కాలువ అను మాటలు మన పెరటిలోనివే. రాకెట్టు, నాజిలు అనువానిని బస్సు, రైలువలె మన భాష తనలో కలుపుకొనినది. పరీక్షలు ఇంగ్లీషులో గదా యని కొందరందురు. నిజమే, సూత్రములను పిల్లలు ఏ భాషలోనైనను వ్రాయుదురు గాక. కాని "ఎందువలన?" అని వారడిగినపుడు తల్లిదండ్రులు తెలుగున బదులు చెప్పవలెను. వంటకును పెండ్లికిని మాత్రమే పనికివచ్చునని తలచిన భాషను ఏ బిడ్డయు తన బిడ్డకు నేర్పడు. మన సంఘ గ్రంథాలయములు నెలకొక సాయంకాలమును ఇట్టి శాస్త్రప్రసంగమునకు కేటాయింపవలెనని కోరుచున్నాము.